బ్లీచింగ్ నీళ్ల ఉగ్గాని

మా ఇంట్లోకి కరోనా వచ్చిన సంగతి మాకు మొదట తెలిసింది ఒక ఉగ్గాని ప్లేటు వల్ల. రెండో విడత నడుస్తున్న ఎండాకాలం అది. ఆదోనిలో మధ్యాహ్నం పన్నెండు కొట్టేసరికి అంగళ్లన్నీ మూతపడి, పోలీసులు రోడ్డు మీదికి వచ్చేవారు. ఆ ఉదయం గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. జబ్బు ఊరందరికీ వచ్చింది, మాకూ వచ్చింది, అందులో వింతేమీ లేదు. కానీ అది ఎటునుంచి వస్తుందో మా వీధి మొత్తంలో నాకే బాగా తెలుసనుకుని, ఆ ధీమాతో నేనొక మనిషి పని పోగొట్టాను. ఈ సంగతి రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. చాలాసార్లు లేచిపోయాను.

నేను సర్కారు బడిలో టీచర్ని. ఒకరికి చెప్పడమే తప్ప, ఒకరు చెబితే వినే అలవాటు నాకు తక్కువ. ఇంట్లో మేం ముగ్గురం. నేను, కరెంటాఫీసులో పనిచేసే మా ఆయన, మా అత్త. అత్తది నందవరం దగ్గర ఒక పల్లె. డెబ్బై దాటినా వంటింటి పెత్తనం ఆమెదే. మిగతా ఇంటి పెత్తనం నాది. కరోనా వచ్చాక వంటింటి గడప దాకా నా రాజ్యం పెరిగింది.

సామాను కోసం బయటికి పోకూడదని నేనే శాసనం చేశాను. బజారులో మేం ఎప్పుడూ కొనే అంగడికి ఫోన్ చేసి చీటీ చెబితే, పదకొండు లోపల ఇంటికి తెచ్చి ఇచ్చేవారు. ఆ తెచ్చే మనిషికి నలభై అయిదేళ్లుంటాయి. ఇరవై ఏళ్లు పత్తి మిల్లులో బోరాలు మోసినవాడు. మిల్లు మూసేశాక అంగట్లో చేరి, పాత సైకిలు వెనక సంచులు కట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు. మా గేటు బయట నేనొక ప్లాస్టిక్ స్టూలు వేయించాను.

"టీచరమ్మా, సామాను!" అని కేకేసేవాడు.

"ఆడ్నే ఉండు. స్టూలు మీద పెట్టు. పెట్టినావా? ఇంగ రెండడుగులు యెనక్కి పో. ఇంగా పో."

పాపం, పోయేవాడు. మా వీధిలో చెట్టు లేదు. ఆ మే నెల ఎండలో తారు రోడ్డు మీద నిలబడి, నేను సంచి తీసుకుని గేటు గడియ వేసేదాకా కదలకుండా చూసేవాడు. తువ్వాలు ముక్కుకు అడ్డంగా కట్టుకునేవాడు. అది మాస్కు కాదని నేను రెండుసార్లు గదిమాను. మాస్కు కొనిస్తే పోయేదని అప్పుడు నాకు తోచలేదు.

సంచి లోపలికొచ్చాక అసలు పని మొదలు. గిన్నెలు తోముకునే జాలాడి దగ్గర రెండు తొట్లు పెట్టాను. ఒకదాంట్లో ఉప్పూ పసుపూ కలిపిన నీళ్లు, కూరగాయలకు. రెండోదాంట్లో బ్లీచింగ్ నీళ్లు, ప్యాకెట్లకు. బ్లీచింగ్ పౌడరు రాత్రే కలిపి పెడితే తెల్లారేసరికి మడ్డి అడుక్కు దిగి, పైన నీళ్లు తేటబడేవి. ఆ తేట నీళ్లు వంచి తొట్లో పోసేదాన్ని. పప్పు ప్యాకెట్టు, నూనె ప్యాకెట్టు, సబ్బులు, అగ్గిపెట్టెల కట్ట, అన్నీ అందులో మునిగి లేవాల్సిందే. అగ్గిపెట్టెలు ఒకసారి మునిగాయి, ఆ తర్వాత వాటికి మాఫీ ఇచ్చాను. పాల ప్యాకెట్టుకు సబ్బు స్నానం. న్యూస్ పేపరుకు ఇస్త్రీ. వేడి చల్లారేదాకా మా ఆయన పేపరు ముట్టకూడదు.

ఇదంతా ఎవరు చెప్పారంటే ఫోన్‌లో వచ్చే వీడియోలు చెప్పాయి. నేను వాటిని చూసి, వాటికి నా సొంత తెలివి కలిపి, మా వీధి ఆడవాళ్ల గ్రూపులో పెట్టేదాన్ని. "టీచర్ గారు చెప్పారు" అని వాళ్లూ తొట్లు పెట్టుకున్నారు. నాకు లోలోపల సంతోషంగానే ఉండేది. బడి లేకపోయినా నాకొక క్లాసు దొరికింది.

అత్తకు మాత్రం ఈ తంతు నచ్చేది కాదు. ఆమె బాధ జబ్బు గురించి కాదు, నీళ్ల గురించి. మాకు కుళాయి నాలుగైదు రోజులకోసారి వస్తుంది. వచ్చిన రోజు డ్రమ్ములు, బిందెలు, బకెట్లు, చివరికి పెద్ద గిన్నెలు కూడా నింపుకుంటాం. బియ్యం కడిగిన నీళ్లు గిన్నెలకు, గిన్నెలు కడిగిన నీళ్లు వాకిలికి. అలా బతికిన మనిషి ముందు నేను రోజుకు రెండు తొట్ల నీళ్లు పారబోస్తుంటే ఆమె ప్రాణం ఉసూరుమనేది.

"బంగారట్ల నీళ్లు. నూనె ప్యాకెట్టుకు తానం సేపిచ్చి పారబోస్తాండాది సూడు," అని గోడకు చెప్పేది.

"అత్తా, ఆ తొట్టి జోలికి రావొద్దు. అది మందు నీళ్లు," అని నేను రోజూ చెప్పేదాన్ని. రోజూ చెప్పే మాట ఎవరి చెవికీ ఎక్కదు. నా క్లాసు పిల్లల్ని చూసైనా ఆ విషయం నేను తెలుసుకుని ఉండాల్సింది.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం మేం ఎమ్మిగనూరు పోయాం. అత్త తమ్ముడి మనవడికి పేరు పెట్టే ఫంక్షన్. ఆయన స్వయంగా ఫోన్ చేశాడు. "పొద్దున్నే వచ్చి, పన్నెండు లోపల యెల్లిపోదురు. అంతా మనోళ్లే గదా, బయటోళ్లు యెవురూ లేరు," అన్నాడు. నాకూ అదే అనిపించింది. మాస్కులు పెట్టుకునే బయల్దేరాం. అక్కడ యాభై మంది దాకా ఉన్నారు. ఒక హాలు, రెండు ఫ్యాన్లు. ఎవరో వదిన "ముఖం సూపిచ్చమ్మా, ఎన్నాళ్లైంది సూసి" అంటే మాస్కు తీసి హ్యాండ్‌బ్యాగులో వేశాను. అత్త తన తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని రెండు గంటలు ముచ్చట్లాడింది. బంతిలో కూర్చుని తిన్నాం. వచ్చేటప్పుడు ఒక డబ్బా నిండా లడ్లూ కారాలూ కట్టిచ్చారు. ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. దాన్ని బ్లీచింగ్‌లో ముంచాలన్న ఆలోచన నాకు కలలో కూడా రాలేదు. ఆ సాయంత్రమే మూత తీసి లడ్డు తిన్నాం.

బుధవారం అత్తకు కొంచెం పడిశం పట్టింది. ఆవిరి పట్టించాను. గురువారానికి ముక్కు కారడం తగ్గింది. ఎండకు చల్లనీళ్లు తాగి ఉంటుందనుకున్నాను.

శనివారం పదకొండు గంటలకు సామాను వచ్చింది. ఆ మనిషి సంచి స్టూలు మీద పెట్టి, నేను చెప్పకముందే వెనక్కి నడిచి, అటు తిరిగి తువ్వాలు అడ్డం పెట్టుకుని దగ్గాడు. ఒకసారి కాదు, ఆగకుండా నాలుగైదు సార్లు. గుండెల్లోంచి వచ్చే పొడి దగ్గు. సంచి ముట్టకుండా లోపలికి పరుగెత్తి తలుపేసుకున్నాను. ఆ సంచి సాయంత్రం దాకా ఎండలోనే ఉంది.

వెంటనే అంగడాయనకు ఫోన్ కొట్టాను.

"ఏమన్నా, దగ్గుతాండే మనిషిని ఇండ్లకు పంపిస్తావా? మేం బతకాల్నా వద్దా?"

"ఆయప్పది పాత దగ్గమ్మా. పత్తి దుమ్ముది. మిల్లులో పని జేసినోళ్లకు మామూలే," అన్నాడాయన.

"అదంతా నాకు తెలీదు. ఇంగ మా ఇంటికి ఆ మనిషి రాకూడదు."

అంతటితో ఆగి ఉంటే ఒక్క ఇల్లు తగ్గేది. నేను ఆగలేదు. గ్రూపులో పెట్టాను: "అంగడి సామాను తెచ్చే మనిషి బాగా దగ్గుతున్నాడు. అందరూ జాగ్రత్త. మా ఇంటికి వద్దని నేను చెప్పేశాను." అరగంటలో పది ఇళ్ల వాళ్లు అంగడికి ఫోన్ చేశారు. సాయంత్రం అంగడాయనే నాకు ఫోన్ చేసి, "మాన్పించినానమ్మా. యేరే మనిషిని పెట్టినా," అన్నాడు. ఆయన గొంతు అదోలా ఉంది. నేను పట్టించుకోలేదు. ఆ రాత్రి అన్నం తింటూ మా ఆయనతో, వీధిని కాపాడానని చెప్పుకున్నాను.

సోమవారం పొద్దున అత్త ఉగ్గాని చేసింది.

మా వైపు ఇళ్లలో ఉగ్గాని లేని వారం ఉండదు. బొరుగులు, అంటే మరమరాలు, నీళ్లలో ముంచి, మెత్తబడగానే పిడికిళ్లతో పిండి, ఉల్లిపాయ పచ్చిమిరపకాయల తాలింపులో వేసి, పుట్నాల పొడి చల్లి, నిమ్మకాయ పిండుతారు. అత్త చేతి ఉగ్గాని అంటే మా ఆయన చిన్నపిల్లాడైపోతాడు. ఆ రోజు పక్కన మిరపకాయ బజ్జీలు కూడా చేసింది. ముగ్గురం కింద కూర్చున్నాం.

మా ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, వెంటనే ప్లేట్లోకి ఉమ్మేశాడు. "ఏమ్మా ఇది! నోరంతా మండుతాండాది. ఆస్పత్రి వాసన కొడ్తాండాది!"

నేను ముద్ద ముక్కు దగ్గర పెట్టుకున్నాను. బ్లీచింగ్. నిమ్మకాయ, తాలింపు, పుట్నాల పొడి, అన్నింటినీ దాటుకుని ఘాటుగా ముక్కులోకి కొట్టింది. నేను జాలాడి దగ్గరికి పరుగెత్తాను. తేట నీళ్ల తొట్టి సగానికి తగ్గి ఉంది. పైన రెండు బొరుగులు తేలుతున్నాయి.

"అత్తా, బొరుగులు యాడ నానబెట్టినావు?"

"ఆ తొట్లోనే. తేటగా ఉండాయి గదా నీళ్లు. యెట్లా పారబోస్తావు, మళ్లీ కుళాయి ఎప్పుడొస్తాదో ఏమో," అంది అత్త. అంటూనే తింటూ ఉంది. సగం ప్లేటు ఖాళీ. మా ఇద్దరి వంకా మార్చి మార్చి చూసి, "ఏంరా, ఉప్పెక్కువైందా?" అంది.

నేను ఆమె చేతిలో ప్లేటు లాగేశాను. అప్పటికి నా భయం బ్లీచింగ్ గురించే. నోరు పుక్కిలించమన్నాను, మంచినీళ్లు తాగించాను. తర్వాత ఒక్కసారిగా బుర్రలో ఏదో తగిలింది. ఈమె ముక్కు ఎలాంటిదంటే, పక్కింట్లో పాలు అడుగంటితే మా వంటింట్లోంచి చెప్పగలదు. ఈ కంపును పిడికిళ్లతో పిండింది, తాలింపు వేసింది, వడ్డించింది, తిన్నది. బ్లీచింగ్ పౌడరు డబ్బా తెచ్చి మూత తీసి దూరం నుంచే ఆమె ముందు పెట్టాను. నాకు కళ్లు మండాయి.

"వాసన సూడు అత్తా."

ఆమె వంగి చూసింది. "ఏముందే దీన్లో? సున్నమా?"

ఉల్లిపాయ తరిగి పెట్టాను. ఇంగువ డబ్బా పెట్టాను. కాఫీ పొడి పెట్టాను. ప్రతిదానికీ తల అడ్డంగా ఊపింది. మా ఆయన గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. నేను డబ్బా కింద పెట్టేశాను.

"ఎన్ని దినాల్నుంచి అత్తా?"

"నాలుగు దినాలైండొచ్చు. పడిశం గదా అనుకుంటి. రుచి కూడా తెలీడం ల్యా. మీరు బాగుందంటాంటే బాగుందిలే అనుకుంటాంటి," అంది చిన్నగా. తప్పు చేసి దొరికిపోయిన పిల్ల ముఖం పెట్టింది.

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట సిగ్గుపడుతూనే రాస్తున్నాను. "ఆ మనిషే! నేను సెప్పల్యా? ఆ దగ్గుతోనే వచ్చింది!"

అత్త తల వంచుకుంది. "ఆయప్పను అనొద్దు," అంది. మెల్లగా అసలు సంగతి బయటపెట్టింది. నేను గేటు దగ్గర సామాను తీసుకుని తొట్ల పనిలో పడ్డాక, ఆ మనిషి సైకిలు తోసుకుంటూ మా వెనక సందులోంచి పోయేవాడు. గురువారం నాడు ఎండకు తాళలేక సందు నీడలో కూర్చుంటే, అత్త వెనక తలుపు తీసి మీది ఏ ఊరప్పా అని అడిగింది. నందవరం దిక్కు అన్నాడు. ఇంకేముంది, తన ఊరి మనిషి దొరికాడు. లోపలి మెట్టు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది, చారన్నం పెట్టింది. శుక్రవారం మళ్లీ పిలిచింది. పక్కనే కూర్చుని వాళ్ల ఊరి సంగతులన్నీ అడిగింది. అతను తినడానికి తువ్వాలు విప్పాడు. అత్తకు అసలు మాస్కే లేదు.

"సూసినారా! పక్కన కూసోబెట్టుకుని అంటిచ్చుకునింది!" అని నేను మా ఆయన మీద అరిచాను. ఆయన, "ఒకసారి ఎమ్మిగనూరికి ఫోన్ జెయ్యి," అన్నాడు.

చేశాను. అత్త తమ్ముడి భార్య ఎత్తింది. ఆమె గొంతు వినగానే నాకు అర్థమైంది. ఫంక్షన్ అయిన మర్నాటి నుంచే ఇంటిల్లిపాదికీ జ్వరాలు. ఆయనను కర్నూలు ఆస్పత్రిలో చేర్చారు. అసలు ఆ ఆదివారం పొద్దునే ఆయనకు ఒళ్లు వెచ్చగా ఉందట. బంధువులంతా వస్తున్నారని మాత్ర వేసుకుని కూర్చున్నాడట.

"మరి మాకొక మాట సెప్పొద్దా పిన్నమ్మా?"

"సెప్తే మీరు బయపడతారని సెప్పల్యామ్మా," అంది ఆమె, ఏడుస్తూ.

ఫోన్ పెట్టేసి వేళ్ల మీద రోజులు లెక్కపెట్టాను. ఆదివారం ఫంక్షన్. బుధవారం అత్తకు పడిశం. ఆ మనిషి మా మెట్టు మీద మొదటిసారి కూర్చున్నది గురువారం. ఎటునుంచి లెక్కపెట్టినా అదే వచ్చింది. అతను మాకు తేలేదు. మేమే అతనికి మజ్జిగతో పాటు ఇచ్చాం. వారం పాటు నేను పప్పు ప్యాకెట్లకు స్నానం చేయిస్తుంటే, జబ్బు నా వంటింట్లో నిలబడి తాలింపు వేస్తోంది. ఆ నిజం నా తలలోకి పూర్తిగా ఎక్కడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. పొయ్యి మీద బజ్జీల నూనె చల్లారేదాకా నేను కూర్చున్న చోటే కూర్చుని ఉన్నాను.

మా ఆయన స్నేహితుడైన డాక్టరు ఫోన్‌లో తిట్టిన తిట్లు ఇంకా చెవిలో ఉన్నాయి. తినే సామాను బ్లీచింగ్ దగ్గరికి ఎందుకు పోయిందన్నాడు. కూరగాయలకు మంచినీళ్లు చాలు, చేతులకు సబ్బు చాలు అన్నాడు. "ఇది ప్యాకెట్లతో వచ్చేది చాలా తక్కువమ్మా. మనిషి పక్కన మనిషి, తలుపులేసిన గదిలో, మాస్కు తీసి కూర్చుంటే వస్తుంది. పోయిన వారం మీరు ఎవరి పక్కన కూర్చున్నారు?" అని అడిగాడు. నేను ఫోన్ మా ఆయనకు ఇచ్చేశాను.

పరీక్షకు ముగ్గురం ఇచ్చి వచ్చాం. ఇంటికి రాగానే అత్త అడిగింది, "ఆయప్పకు సెప్పినావా? ఇంట్లో ఇద్దరు ఆడబిడ్డలు ఉండారంట. సెప్పమ్మా."

"రిపోర్టు రానీ అత్తా," అన్నాను.

రిపోర్టు ఒక సాకు. చెప్పాలంటే అంగడాయనకు ఫోన్ చేయాలి. అంగడాయనకు తెలిస్తే వీధికి తెలుస్తుంది. గ్రూపులో నేను పెట్టిన మాట కిందనే నా ఇంటి సంగతి వస్తుంది. నాకు సిగ్గేసింది. భయం కూడా వేసింది, కానీ సిగ్గే ఎక్కువ. ఆ సిగ్గుతో రెండు రోజులు గడిపాను. ఆ రెండు రోజుల్లో అతను ఎవరి పక్కన కూర్చున్నాడో, తన బిడ్డలకు ఏ చేత్తో అన్నం కలిపి పెట్టాడో నేను ఆలోచించకుండా ఉండటానికి ఇల్లంతా తుడిచాను.

బుధవారం రిపోర్టు వచ్చింది. ముగ్గురికీ ఉంది. ఆ పొద్దుకే అత్తకు ఆయాసం మొదలైంది. బోర్లా పడుకోబెట్టాం. ఆస్పత్రిలో మంచం కోసం మా ఆయన ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ అత్త మళ్లీ అదే అడిగింది. "సెప్పినావా?"

ఇక నాకు దాక్కునే చోటు లేకపోయింది. అంగడాయన దగ్గర నంబరు తీసుకుని ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తాడు.

"నేను టీచరమ్మను," అన్నాను.

"టీచరమ్మా," అన్నాడు. దగ్గాడు. ఫోన్ దూరం పెట్టి దగ్గి, మళ్లీ వచ్చాడు. "నేనే ఫోన్ జెయ్యాలనుకుంటి. ధైర్నం సాలక సెయ్యల్యా. నిన్నటి నుంచి జొరం. ముక్కు కాడ ఉల్లిగడ్డ పెట్టుకున్నా వాసన తెలీడం ల్యా. నువ్వు సెప్పిందే నిజమైపోయింది. అవ్వ సేతి బువ్వ తిన్యా, ఆయమ్మ పక్కన కూసున్యా. అవ్వకు ఏమన్నా అయితే ఆ పాపం నాదేనమ్మా. నీ కాళ్లకు మొక్కుతా, ఆయమ్మకు పరీచ్చ జేపిచ్చండి."

నేను పని తీయించిన మనిషి, నా ఇంటి జబ్బు పట్టుకున్న మనిషి, నన్నే క్షమాపణ అడుగుతున్నాడు. ఇంకొక సంగతి కూడా దాచను. ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, నాకు బరువు దిగినట్టైంది. నేను నోరు మూసుకుంటే చాలు, నేను గ్రూపులో పెట్టినదే నిజమై కూర్చుంటుంది. అతనే ఒప్పుకున్నాడు. ఆ ఆలోచన నాకు వచ్చిందన్న సంగతికి నేను ఈనాటికీ బిత్తరపోతూనే ఉంటాను. లోపలి గదిలోంచి అత్త ఆయాసం వినిపించింది.

"నీతో రాలేదప్పా," అన్నాను. "మా ఇంటి నుంచే నీకొచ్చింది. మేం ఎమ్మిగనూరు ఫంక్షన్‌కు పోయి తెచ్చుకున్నాం. అవ్వకు నీకంటే ముందే వచ్చిండాది. ఆ సంగతి నాకు సోమవారమే తెలుసు. సెప్పకుండా రెండు దినాలు ఊరకున్యా."

అటువైపు ఎక్కడో మేకలు అరుస్తున్నాయి.

"అట్లనా," అన్నాడు చివరికి. కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. బిడ్డలు ఎలా ఉన్నారని అడిగాను. జొరం తగలగానే వాళ్లను అత్తగారింటికి పంపి, తను పశువుల పాకలో పడుకుంటున్నానన్నాడు. పరీక్ష చేయించుకోమన్నాను. ఊఁ అన్నాడు. ఇక పెట్టేస్తాడనుకుంటే, "టీచరమ్మా," అన్నాడు.

"సెప్పప్పా."

"ఈ మాట అంగడాయనకు ఒకసారి సెప్తావా? నా వల్ల కాదని. నయమైనాక మళ్లీ పనిలో పెట్టుకుంటాడేమో."

అతను అడిగింది అదొక్కటే.

అత్త ఆస్పత్రిలో తొమ్మిది రోజులు ఉండి బతికి వచ్చింది. ఆమె తమ్ముడు కర్నూలు నుంచి తిరిగి రాలేదు. మా ఇద్దరికీ జ్వరాలు వచ్చి పోయాయి. ఆ మనిషి కూడా మూడు వారాలకు లేచి తిరుగుతున్నాడని తెలిసింది. బిడ్డలకు ఏమీ కాలేదు. ఆ మాట విన్న రోజు నేను దేవుడి గదిలో కూర్చుని గట్టిగా ఏడ్చాను.

ఆస్పత్రి తిరుగుడు మొదలవ్వకముందే, ఫోన్‌లో అతనికి ఒప్పుకున్న ఆ సాయంత్రమే గ్రూపులో రాశాను. ఎమ్మిగనూరు పోయినట్టు, మాస్కులు తీసినట్టు, ఆ మనిషికి మా వల్లే వచ్చినట్టు, అతని దగ్గు పత్తి దుమ్ము వల్ల వచ్చినట్టు, ఒక్కటీ దాచకుండా రాశాను. అందరూ చూశారు. ఒకామె "అత్తగారు ఎలా ఉన్నారు?" అని అడిగింది. ఇంకొకామె దండం బొమ్మ పెట్టింది. అతని గురించి ఎవరూ ఒక్క మాట రాయలేదు. మర్నాటి నుంచి మళ్లీ కషాయాల వీడియోలు వచ్చాయి.

అత్త ఇంటికొచ్చి, ఆ మనిషి కోలుకున్నాడని తెలిశాక నేనే అంగడికి పోయాను. ఆయన గల్లాపెట్టె ముందు కూర్చుని నేను చెప్పిందంతా విన్నాడు.

"నాకు తెలుసమ్మా అది దుమ్ము దగ్గని. ఆ పొద్దే సెప్పినా గదా," అన్నాడు. "పెట్టుకునేదానికి నాకేం అడ్డం ల్యా. పది ఇండ్లోళ్లు ఒప్పుకోవాల గదా. నిన్ననే ఇద్దరినడిగినా. ఆయప్పా, ఆయప్పకు జబ్బుండాది గదా అంటారు. వచ్చి పోయింది, అందరికీ వచ్చినట్లే వచ్చింది అంటే ఇనరు. నువ్వు అప్పుడు సెప్పిందే వాళ్లకు గుర్తుండాది."

నేను ఆ పది ఇళ్లకూ పోయాను. ఒక్కొక్క గేటు దగ్గర నిలబడి మొదటి నుంచి చెప్పాను. నేను చెప్పింది ఎవరూ కాదనలేదు. "నిజమే టీచర్, పాపం," అన్నారు. "కానీ ఇప్పుడొచ్చే మనిషి బాగానే ఉన్నాడు గదా, ఎందుకు మార్చడం," అన్నారు. తొమ్మిది ఇళ్లలో ఇదే మాట. పదో ఇంటావిడ నాలాంటిదే, చెప్పేదే తప్ప వినేది కాదు. తలుపు కూడా తీయకుండా కిటికీలోంచే వద్దు అంది.

కుదరలేదని చెప్పడానికి అతనికి ఫోన్ చేశాను. భార్య ఎత్తింది. బెంగళూరులో బిల్డింగు పనికి పోయాడంది. నయమై పదిరోజులు కాలేదు, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది, అయినా పోయాడంది. ఇక్కడ యెవరూ పనికి పిలవలేదంది.

"మీరెవురమ్మా?" అని అడిగింది.

టీచరమ్మను అన్నాను. ఆమెకు తెలుసు. ఆ తర్వాత ఆమె అడిగిన తీరులో తిట్టు లేదు, నిష్ఠూరం కూడా లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది.

"ఆ పొద్దు మా ఆయప్ప మీ గేటు కాడ దగ్గినప్పుడు, ఏమప్పా, ఎందుకు దగ్గుతాండావు అని ఒక్క మాట అడిగింటే అయిపోయేది గదమ్మా. ఎందుకడగల్యా?"

నేను ఏదో ఒకటి చెబుతానని ఆమె ఫోన్ పట్టుకుని ఎదురుచూసింది. అటువైపు ఆమె ఊపిరి వినిపిస్తూనే ఉంది. ఫోన్ నేనే పెట్టేశాను.